హార్‌బాటిల్ తలకాయ: పని డైరీ

జూన్ 3

మొదలుపెట్టాను. మధ్యలో అటకెక్కించకుండా ఉండాలనే ఈ డైరీ.

సంగతేంటంటే, మా సినిమా మిత్రుల నెలవారీ కూడికలో ఆగస్టు వంతు నాది. ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళంతా దర్శకుల గురించే చెప్పారు. నేను చూస్తే రాజమండ్రిలో ఒక డెంటల్ ల్యాబ్‌లో పద్నాలుగేళ్ళుగా కట్టుడు పళ్ళు చేసుకునే మనిషిని. అందుకని పళ్ళతోనే వేషాలు కట్టిన ఒక నటుణ్ణి ఎంచుకున్నాను. పేరు మూర్ మారియట్. ఇంగ్లండు మనిషి. 1885 సెప్టెంబరు 14న లండన్‌కి పడమట మిడిల్‌సెక్స్‌లో పుట్టాడు, 1949 డిసెంబరు 11న పోయాడు. మూకీల తొలిరోజుల నుంచి చనిపోయేదాకా వందకు పైగా సినిమాల్లో కనిపించాడు. చాలావాటిలో ముసలాడే.

ఎక్కువమందికి గుర్తున్నది మాత్రం ఒక్క వేషం. విల్ హే అనే హాస్యనటుడి సినిమాల్లో జెరెమయా హార్‌బాటిల్ అనే బోసినోటి తాత. ఆ తాత వేషానికి మారియట్ వయసు యాభై చిల్లర. విల్ హే కంటే మూడేళ్ళే పెద్ద! తెర మీద ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే తండ్రీకొడుకులనుకుంటాం.

కిటుకు నోట్లో ఉంది. మారియట్‌కి సొంత పళ్ళు లేవు. పాత్రను బట్టి మార్చుకోవడానికి వేరువేరు పళ్ళ సెట్లు ఉండేవి. హార్‌బాటిల్‌కైతే ఏ సెట్టూ పెట్టుకోడు. ఇది చదివిన రోజు ల్యాబ్‌లో చేతిలో ఉన్న మైనం కత్తి పక్కన పెట్టి, కాసేపు అలాగే కూర్చున్నాను. మేం పళ్ళు పెట్టి మనుషుల వయసు తగ్గిస్తాం. ఈయన అదే పనిని తిరగేసి జీతం తెచ్చుకున్నాడు.

కాబట్టి ఉత్త మాటలతో సరిపెట్టను. దవడ ఆడే తలకాయ ఒకటి, మనిషి తలంత సైజులో చేస్తాను. నోట్లో మార్చుకునేలా సెట్లుంటాయి. సెట్టు మార్చినప్పుడల్లా ముఖం ఎలా మారుతుందో జనం కళ్ళముందే చూపిస్తాను. పోలిక మారియట్‌ది రానక్కర్లేదు, అంత శిల్పిని కాను. పద్ధతి కనబడితే చాలు.

జూన్ 8

పెదనాన్నని ఇందులోకి లాగాను. ఆయనకి డెబ్భై ఎనిమిది. రైల్వేలో చిన్న చిన్న స్టేషన్లలో మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. పళ్ళన్నీ ఊడిపోయి ఆరేళ్ళయింది. నేను చేసిచ్చిన సెట్టు పెళ్ళిళ్ళకీ, బ్యాంకుకి వెళ్ళేటప్పుడూ పెట్టుకుంటాడు. మిగతా రోజుల్లో అది జేబురుమాల్లో చుట్టి చొక్కా జేబులో ఉంటుంది. "జేబులో ఉన్నా నోట్లో ఉన్నట్టే కదమ్మా" అంటాడు.

ఇవాళ ఇద్దరం కూర్చుని "ఓ, మిస్టర్ పోర్టర్!" చూశాం. 1937 సినిమా, గెయిన్స్‌బరో కంపెనీది, దర్శకుడు మార్సెల్ వార్నెల్. రైల్వేలో ఏ పనికీ కొరగాని పోర్టర్ అనే మనిషిని వదిలించుకోవడానికి, ఉత్తర ఐర్లండ్‌లో బగుల్‌స్కెల్లీ అనే మారుమూల స్టేషనుకి మాస్టరుగా తోసేస్తారు. అక్కడున్న సిబ్బంది ఇద్దరే. ఒకడు హార్‌బాటిల్, రెండోవాడు ఆల్బర్ట్ అనే బొద్దు కుర్రాడు. ఆ కుర్రాడు గ్రహం మోఫట్, పుట్టింది 1919లో. వీళ్ళిద్దరూ టిక్కెట్లిచ్చి తిండి సరుకులు పుచ్చుకుంటూ హాయిగా కాలక్షేపం చేస్తుంటారు. అది చూసి పెదనాన్నకి నవ్వాగలేదు. "మా వాళ్ళలోనూ ఉండేవారులే, పేర్లొద్దు" అన్నాడు.

హార్‌బాటిల్ మొదటిసారి కనిపించేది టిక్కెట్ కిటికీలో. తలుపు తెరిచి, "తర్వాతి బండి వెళ్ళిపోయింది!" అని అరిచి టక్కున మూసేస్తాడు. పెదనాన్న ఆపమన్నాడు.

"తర్వాతి బండి ఎలా వెళ్ళిపోతుందే? వెళ్ళిపోయింది ముందటి బండి కదా?"

"అదే పెదనాన్నా జోకు."

"జోకు సరేనమ్మా. ఇంకోటి చూడు. పళ్ళు లేకుండా అంత స్పష్టంగా ఎలా అన్నాడు? నాకు 'స్టేషను' అనమంటే 'ష్టేషను' అని వస్తుంది."

ఈ ప్రశ్న నాకు తట్టలేదు, ఇన్నేళ్ళుగా సెట్లు చేస్తూ కూడా! పై పళ్ళు లేకపోతే 'స' పలికేటప్పుడు గాలిని కోసే అంచు ఉండదు. మేం ట్రయల్‌కి వచ్చినవాళ్ళ చేత 'అరవై ఆరు, డెబ్భై ఏడు' అని లెక్క చెప్పించకుండా 'సరస్వతి, సీసా' అనిపించేది అందుకే. హార్‌బాటిల్ గొంతు కీచుగా, వణుకుతూ ఉంటుంది గానీ ఒక్క మాట కూడా నోట్లోనే ఉండిపోదు. అంటే పళ్ళు తీయడం సగం పనే. తీశాక నాలుకతో ఏదో ఏర్పాటు చేసుకున్నాడు.

వెనక్కి తిప్పి ఆ కిటికీ ముక్క పదకొండుసార్లు చూశాం.

ఈ సినిమా తీసిన స్టేషను నిజానికి ఐర్లండ్‌లో లేదు. ఇంగ్లండులో హాంప్‌షైర్‌లో క్లిడ్స్‌డెన్ అనే ఊరిది. బేసింగ్‌స్టోక్ నుంచి ఆల్టన్ దాకా వేసిన తేలికపాటి రైలుమార్గం మీద ఉండేది. 1901లో తెరిచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టాలు పీకి ఫ్రాన్సుకి పంపారు. 1924లో మళ్ళీ వేశారు. 1932లో ప్రయాణికుల బళ్ళు, 1936లో గూడ్సు కూడా ఆపేశారు. ఆ మార్గాన్ని విప్పేసే రోజుల్లోనే షూటింగు. ఇది చెప్పగానే పెదనాన్న లేచి కూర్చున్నాడు.

"మన కోటిపల్లి లైనే!"

నిజమే. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన లైను పట్టాల్ని 1940లో రెండో ప్రపంచ యుద్ధానికని పీకేశారు. మళ్ళీ బండి తిరిగింది 2004లో. "పట్టాలు పీకి పట్టుకుపోతుంటే ఊరంతా నిలబడి చూశారట. మా నాన్న చెప్పేవాడు" అన్నాడు. ఆ తర్వాత అరగంట సినిమా ఆగిపోయింది, మా తాతగారి కథలు నడిచాయి.

సినిమాలో గ్లాడ్‌స్టన్ అనే ముసలి ఇంజను ఉంటుంది, తాటిచెట్టంత పొగగొట్టంతో. దాని అసలు పేరు నార్తియం. హాథార్న్ లెస్లీ కంపెనీ 1899లో కట్టింది, కెంట్ అండ్ ఈస్ట్ ససెక్స్ రైల్వే దగ్గర అద్దెకి తెచ్చారు. 1941లో తుక్కు కింద వేసేశారు. ఇంజనుకైనా వయసు మీద పడ్డట్టు చూపించాలంటే పొగగొట్టం మార్చారు. హార్‌బాటిల్‌కైతే ఏదీ తగిలించకుండా తీసేశారు. (ఈ వాక్యం కూడికలో చెప్పాలా వద్దా? కాస్త అతి అనిపిస్తోంది. చూద్దాం.)

జూన్ 14

తప్పు దొరికింది. నా నోట్సులో "మారియట్ కథ కూడా రాశాడు" అని రాసుకున్నాను. కాదు. విల్ హే సినిమాలకి కథ, మాటలు రాసినవాళ్ళలో ఒకాయన మారియట్ ఎడ్గర్. మనవాడు మూర్ మారియట్. ఇద్దరూ వేరు. టైటిల్స్‌లో రెండు మారియట్లూ కనిపిస్తే నేను ఒకటిగా కుట్టేశాను. చార్టు చింపి మళ్ళీ రాశాను.

చార్టు సంగతి: గోడకి నాలుగు క్యాలెండర్ షీట్లు తిరగేసి అంటించాను. అడ్డంగా సంవత్సరాలు. ఒక్కో సినిమాకి రెండు చుక్కలు: నల్ల చుక్క నటుడి వయసు, ఎర్ర చుక్క పాత్ర వయసు (నా అంచనా). రెండు చుక్కల మధ్య దూరమే ఈయన కెరీర్.

1923 దగ్గర మొదటి పెద్ద దూరం. "మంకీస్ పా". డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ రాసిన పేరున్న దయ్యం కథ, మూడు కోరికలు తీర్చే కోతిచెయ్యి కథ. మానింగ్ హేన్స్ దర్శకుడు. జేకబ్స్ కథలతో ఆయన ఆ రోజుల్లో వరసగా సినిమాలు తీశాడు, చాలావాటిలో మారియట్ ఉన్నాడు. ఇందులో వేషం ముసలి తండ్రిది, ఎదిగిన కొడుకు ఉన్నవాడు. మారియట్‌కి అప్పటికి నలభై కూడా లేవు. అంటే ముసలితనం విల్ హే చేతిలో పడ్డాక వచ్చింది కాదు, అప్పటికే చేతిలో ఉన్న పని.

1928 దగ్గర మాత్రం చార్టు తిరగబడింది. "స్వీనీ టాడ్". గొంతులు కోసే క్షౌరవాడి కథ, వాల్టర్ వెస్ట్ దర్శకత్వం. టైటిల్ పాత్ర మూర్ మారియట్‌దే. హాస్యం లేదు, తాత లేడు. ఆ పేరు వింటేనే ఇంగ్లండులో పిల్లలు జడుసుకునే హంతకుడి వేషం, సినిమాకి ముఖ్యుడు.

ఈ రెండు ముఖాలూ ఒకే మనిషివని నమ్మించడమే నా ఇరవై నిమిషాల ఉపన్యాసం. మిగతావన్నీ పక్క వాద్యాలు.

జూన్ 15

1927 చట్టం గురించి ఒక్క ముక్క రాసుకుంటాను, మర్చిపోకుండా. అమెరికా సినిమాలు ముంచెత్తుతున్నాయని బ్రిటన్ ఒక చట్టం తెచ్చింది. హాళ్ళలో ఇంత శాతం బ్రిటిష్ సినిమాలు వెయ్యాలి. మొదట 5 శాతం, పెంచుకుంటూ 1936 నాటికి 20. దాంతో కోటా నింపడానికి చవగ్గా, చకచకా చుట్టేసిన సినిమాలు పుట్టుకొచ్చాయి. వాటిని చీదరించుకునేవాళ్ళే ఎక్కువ. కానీ సెట్టు మీదకి రాగానే మొదటి టేకులోనే తాతైపోయి, మధ్యాహ్నానికి పోస్టుమేనైపోగల మనిషికి ఆ హడావుడిలో పనికి కరువుండదు. మా ల్యాబులోనూ అంతే. పెళ్ళిళ్ళ సీజన్లో అర్జెంటు కేసులు వచ్చినప్పుడే ఎవరి చెయ్యి ఎంతో తెలుస్తుంది.

జూన్ 22

పెదనాన్న ముఖం అచ్చు తీసే రోజు.

ముందు కొలతలు. సెట్టు పెట్టించి, ముక్కు కింద ఒక చుక్క, గడ్డం ఎముక మీద ఒక చుక్క పెన్నుతో పెట్టాను. నోరు మూయమన్నాను. మధ్య దూరం 68 మిల్లీమీటర్లు. సెట్టు తీయించి మళ్ళీ మూయమన్నాను. 54. పద్నాలుగు మిల్లీమీటర్లు ముఖం మాయమైపోయింది! మా భాషలో దీన్ని 'వర్టికల్ పడిపోయింది' అంటాం. పళ్ళు గుంజల్లాంటివి. అవి లేకపోతే పై దవడా కింది దవడా ఎక్కడ ఆగాలో తెలీక దగ్గరకొచ్చేస్తాయి. గడ్డం ముందుకీ పైకీ వస్తుంది, పై పెదవికి వెనక ఆనిక లేక లోపలికి మడత పడుతుంది, నోటి మూలలు కిందికి జారతాయి. ముక్కు అంతే ఉంటుంది గానీ కిందున్నదంతా కుంచించుకుపోయేసరికి పెద్దదిగా కనిపిస్తుంది. హార్‌బాటిల్‌ని పక్కనుంచి చూసినప్పుడు కనపడేది సరిగ్గా ఇదే. మారియట్ ఫ్రేముల మీద కూడా స్కేలు పెట్టి కొలుద్దామనుకున్నా గానీ తల ఒక్క చోట ఉంచడు, మీద తెల్లగడ్డం ఒకటి. వదిలేశాను.

తర్వాత ఆల్జినేట్. నోటి అచ్చులకి వాడే పొడే, నీళ్ళతో కలిపితే గులాబీ రంగు జావలా అవుతుంది, రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. చల్లటి నీళ్ళతో కలిపితే ఇంకాస్త టైము దొరుకుతుంది. మీసానికీ కనుబొమ్మలకీ వ్యాజిలిన్ దట్టంగా పూశాను. ముక్కురంధ్రాలు వదిలేసి మిగతా ముఖమంతా పరిచాను.

"పెదనాన్నా, అయిదు నిమిషాలు. నవ్వొద్దు, మాట్లాడొద్దు."

చేత్తో సరేనన్నాడు. మూడో నిమిషంలో ఫోను మోగింది. దొడ్డమ్మ వంటింట్లోంచి, "ఏవండీ, మీ తమ్ముడు!" అంది. ముఖం మీద అంత బురద పెట్టుకుని ఈయన "హలో" అన్నాడు. నోటి దగ్గర అచ్చు అడ్డంగా చీలిపోయింది.

రెండోసారి ఫోను స్విచ్ఛాఫ్ చేసి, దొడ్డమ్మని గుడికి పంపి, తీశాను. బాగా వచ్చింది. కంటి పక్క ముడతలు కూడా పడ్డాయి. వెంటనే డెంటల్ స్టోన్ (రాయిలా గట్టిపడే ప్లాస్టర్) పోశాను, ఎందుకంటే ఆల్జినేట్ ఆరితే ముడుచుకుపోతుంది. సాయంత్రానికి తెల్లటి పెదనాన్న బల్ల మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. గుడి నుంచి వచ్చిన దొడ్డమ్మ చూసి, "అవతల పెట్టవే అమ్మా, భయమేస్తోంది" అని కొంగు అడ్డం పెట్టుకుంది.

జూలై 1

దరిద్రం. వారం పని పోయింది.

ముఖం తొడుగు సిలికాన్‌తో చెయ్యాలి, రాతిది సాగదు కదా. స్టోన్ ముఖం మీదనుంచి ప్లాస్టర్‌తో తిరగబడ్డ అచ్చు తీసి, దాన్లోపల బ్రష్షుతో పొరలు పొరలుగా సిలికాన్ పూశాను. రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే బంకలా ఉంది. ఇంకో రోజు వదిలాను. ఇంకా బంకే.

తప్పు నాదే. రబ్బరు గ్లవ్సు వేసుకుని కలిపాను. ఈ రకం సిలికాన్‌కి లేటెక్స్ పడదు. గ్లవ్సులోని గంధకం తగిలితే అది గట్టిపడదు. అచ్చులకి వాడే సిలికాన్ పుట్టీ కలిపేటప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలకి నేనే చెబుతాను, "లేటెక్స్ తీసేసి కలపండమ్మా" అని. ఇంట్లో పని కదా అని అలమరలో దొరికినవి తొడిగేశాను. గోకి, తుడిచి, అచ్చు కడగడానికి ఒక ఆదివారం పోయింది.

జూలై 6

నైట్రైల్ గ్లవ్సుతో మళ్ళీ. అయిదు గంటల్లో చక్కగా గట్టిపడింది. కానీ దళసరి. అక్కడక్కడ ఎనిమిది మిల్లీమీటర్లు. పళ్ళు తీసినా బుగ్గ లోపలికి పోవట్లేదు, బిగుసుకుని పాతికేళ్ళ కుర్రాడిలా నిలబడింది. నోటి చుట్టూ రెండు మిల్లీమీటర్లే ఉండేలా, నుదుటి దగ్గర మామూలుగా ఉండేలా మూడో తొడుగు పోశాను. ఇది పనిచేసింది.

పుర్రె: థర్మోకోల్ తల, దాని ముందు భాగం కోసేసి ఒక పాత ఆర్టిక్యులేటర్ బిగించాను. పై దవడా కింది దవడా కలిపి ఆడించి చూసుకునే ఇత్తడి సాధనం, మా ల్యాబ్‌లో మూల పడేసినది. తొడుగుని నుదుటి దగ్గరా చెంప ఎముకల దగ్గరా గుండుసూదులతో, గడ్డం దగ్గర బంకతో అంటించాను. వెనక మీట నొక్కితే నోరు తెరుస్తుంది.

సెట్లు రెండే చేశాను, మూడోది 'ఏమీ లేకపోవడం'. మొదటిది క్షౌరవాడికి: పొడుగాటి కోరలు, పై పెదవి ముందుకి వచ్చేలా దళసరి అంచు. రెండోది మామూలు నాన్నకి: అరిగిన పళ్ళు, ఒకటి కాస్త వంకర. ఇవి అక్రిలిక్ అనే ప్లాస్టిక్. ఫ్లాస్కు అనే లోహపు అచ్చుపెట్టెలో పెట్టి, మైనం కరిగించి, అక్రిలిక్ నింపి, ఉడికించడం మాకు కళ్ళు మూసుకుని చేసే పని. మారియట్ కాలంలో పళ్ళు నిలబడే చిగురు భాగం ఎక్కువగా వల్కనైట్‌తో చేసేవారు, అంటే గట్టిపరిచిన రబ్బరు, మీద పింగాణీ పళ్ళు. ఇప్పుడు మేం వాడే అక్రిలిక్ 1930ల రెండో సగంలో గానీ రాలేదు. వల్కనైట్ రంగు ముదురు ఎరుపు, చిగుళ్ళలా కనిపించదు. నలుపు-తెలుపు సినిమాలో ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. ఆ మాటే వచ్చేవారం పని పెట్టింది.

జూలై 13

మూకీల రోజుల్లో ఎక్కువకాలం వాడిన ఫిల్ము ఆర్థోక్రోమాటిక్. దానికి ఎరుపు కనబడదు. నీలం బాగా కనబడుతుంది. కాబట్టి ఎర్రటి పెదవీ ఎర్రటి చిగురూ నల్లగా పడతాయి, నీలి కళ్ళు తెల్లగా పాలిపోతాయి. 1920ల చివరికొచ్చేసరికి అన్ని రంగులూ పట్టే పాంక్రోమాటిక్ ఫిల్ము దాని స్థానంలోకి వచ్చింది.

చూడాలనిపించింది. పుస్తకాలకి అట్టలేసే నీలం సెల్లోఫేన్ కాగితం మూడు మడతలు పెట్టి ఫోను కెమెరాకి అంటించాను. నలుపు-తెలుపులో పెట్టి, క్షౌరవాడి సెట్టుతో తలకాయ ఫొటో తీశాను. చిగురు బొగ్గులా పడింది, దాని మీంచి పళ్ళు తెల్లగా పొడుచుకొచ్చాయి. పెదవులు నల్లటి గీతలు. నేనే చేసిన బొమ్మ, అయినా ఒంటరిగా ఉన్న గదిలో కాస్త జంకాను. కాగితం తీసేసి మళ్ళీ తీస్తే మామూలు పళ్ళ డాక్టరు ప్రకటనలా ఉంది.

నాసిరకం పళ్ళైనా ఆ ఫిల్ము మీద పెద్ద మాటకారులైపోతాయి. మాట వినబడని సినిమాలో నోరే సగం డైలాగు కదా. టాకీ వచ్చాక నోరు మాట్లాడటం మొదలెట్టింది, పళ్ళ పని తగ్గింది, మారియట్ వాటిని తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇది నా లెక్క. ఆయన ఇలా ఆలోచించి చేశాడని అనను.

జూలై 20

రాత్రి "ఆస్క్ ఎ పోలీస్‌మన్" చూశాం, 1939ది, మళ్ళీ వార్నెలే. ఈసారి ముగ్గురూ పోలీసులు. దొంగసరుకు రవాణా గురించిన పాత పద్యం ఒకటి హార్‌బాటిల్‌కి చివరిదాకా గుర్తురాదు. సరే మా నాన్ననడుగుదాం అంటాడు. హార్‌బాటిల్‌కి నాన్న! ఆ నాన్న వేషం కూడా మారియట్‌దే. యాభై మూడేళ్ళ మనిషి ముసలాడి వేషం వేసి, ఆ ముసలాడికి తండ్రి వేషం కూడా వేశాడు.

నా తలకాయ ఇక్కడ చేతులెత్తేసింది. హార్‌బాటిల్‌కే పళ్ళు లేవు. వాళ్ళ నాన్నకి ఇంకేం తియ్యను? 54 కంటే కిందికి దవడ పోదు, చిగురుకి చిగురు తగిలేసింది. రెండు గంటలు మీట అటూ ఇటూ తిప్పి చూశాను. అదే ముఖం.

పెదనాన్న చూస్తూ కూర్చుని, "దాని మెడ వంచు" అన్నాడు.

తలకాయని కర్ర మీద నిటారుగా గుచ్చి పెట్టాను ఇన్నాళ్ళూ. కర్ర తీసి, కింద ఒక పక్కన గుడ్డ మడత పెట్టి, కాస్త ముందుకీ పక్కకీ వాల్చాను. పదేళ్ళు పెరిగాడు. మీట సగమే నొక్కి వదిలేస్తే, దవడ మెల్లగా దానంతటది మూసుకుంటే, ఇంకో అయిదేళ్ళు. పళ్ళ మనిషిని గనక నెల రోజులుగా నోట్లోనే తవ్వుకుంటున్నాను. వెన్ను సంగతి ఆయన చెప్పాలి, ఆయన రోజూ మోస్తున్నాడు గనక.

"నేనూ అలాగే ఉంటానా?" అన్నాడు తర్వాత.

"నువ్వింకా హార్‌బాటిల్‌వే పెదనాన్నా. వాళ్ళ నాన్నవి కాలేదు."

"అయితే పర్లేదు."

జూలై 27

చివరి షీటు నింపాను. "వేర్స్ దట్ ఫైర్?" 1940. దాని తర్వాత విల్ హే వీళ్ళిద్దర్నీ వదిలి ఈలింగ్ స్టూడియోకి వెళ్ళిపోయాడు. (విల్ హే ఖగోళ శాస్త్రంలోనూ దిట్ట. 1933 ఆగస్టులో శనిగ్రహం మీద తెల్లమచ్చ కనిపెట్టింది ఆయనే. ఇది చెప్పకుండా ఉండలేను, టైము చాలకపోయినా.) మారియట్, మోఫట్ జంట ఆర్థర్ ఆస్కీ అనే ఇంకో హాస్యనటుడి పక్కన చేరింది: "చార్లీస్ బిగ్-హార్టెడ్ ఆంట్", "ఐ థాంక్ యూ". మొదటిది 1940లో, రెండోది 1941లో. అవి నాకంతగా రుచించలేదు. తాత అదే తాత, పక్కవాడు మారేసరికి కుదురు పోయింది.

నాకు నచ్చింది 1943 నాటి "మిలియన్స్ లైక్ అజ్". యుద్ధకాలంలో కర్మాగారాలకి వెళ్ళిన ఆడపిల్లల కథ. లాండర్, గిలియట్ కలిసి తీశారు. మారియట్ అందులో నాయిక తండ్రి. కోతిచేష్టలేమీ లేవు. కూతుళ్ళు ఒక్కొక్కరే పనికి వెళ్ళిపోతుంటే ఇంట్లో మిగిలిపోయే మామూలు మనిషి. రెండో సెట్టు ఈయన కోసమే.

1946లో "గ్రీన్ ఫర్ డేంజర్". గిలియట్ దర్శకుడు. బాంబుదాడుల నాటి ఆసుపత్రిలో హత్యల కథ. మారియట్ హిగ్గిన్స్ అనే పోస్టుమేను. గాయపడి వస్తాడు, ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇస్తుండగానే చనిపోతాడు. ఆ చావుతోనే కథ నడక అందుకుంటుంది. మత్తు ఇచ్చే ముందు కట్టుడు పళ్ళు తీసి గిన్నెలో పెట్టమనడం ఏ ఆసుపత్రిలోనైనా మొదటి జాగ్రత్త, గొంతులోకి జారకుండా. ఆ సీను చూస్తూ నేను కథ వదిలేసి గిన్నె కోసం వెతికాను.

1949లో "ది హిస్టరీ ఆఫ్ మిస్టర్ పోలీ", పెన్స్‌టెమన్ బాబాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో విల్ హే పోయాడు, డిసెంబరులో మారియట్. అరవై నాలుగేళ్ళు. చార్టు మీద నల్ల చుక్క చివరికి వచ్చేసినా ఎర్ర చుక్కల్ని అందుకోలేదు. తాను వేసిన తాతలంత వయసు ఆయనకి రానేలేదు.

ఆగస్టు 9

కూడిక రేపు. తలకాయని అట్టపెట్టెలో, పాత దుప్పటి చుట్టి సర్దాను. విడి సామాను: రెండు సెట్లు, మీటకి అదనపు నట్టు, గుండుసూదులు, నీలం కాగితం, తెల్ల దూది గడ్డం. పొగగొట్టం వాక్యం కొట్టేశాను.

ఆగస్టు 10

పద్దెనిమిది మంది వచ్చారు. ఇరవై నిమిషాలనుకున్నది గంటైంది.

స్వీనీ టాడ్ ముందు, నీలం కాగితం ఫొటోతో. తర్వాత సెట్టు మార్చి నాన్న. తర్వాత సెట్టు లాగేసి, మీట వదిలాను. ముఖం కుంగింది. "అమ్మో" అని ముందు వరసలో ఎవరో అన్నారు. దూది గడ్డం పెట్టి కిటికీ సీను వేశాను. నవ్వారు. మెడ వంచి హార్‌బాటిల్ నాన్నని చూపించినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. అది అనుకోలేదు. పెదనాన్న వెనక వరసలో ఉన్నాడు, పళ్ళు పెట్టుకుని.

తర్వాత పిల్లలు తలకాయ చుట్టూ మూగారు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె రెండో సెట్టు తనే పెడతానంది. సరేనన్నాను. కింది పళ్ళని పైన, పై పళ్ళని కింద ఇరికించింది, అదీ తిరగేసి. మీట నొక్కింది. దవడ ఒక పక్కకి జారి ఆగిపోయింది, ఒక బుగ్గ ఉబ్బింది, పై పెదవి మీదకి లేచింది. నాకు తెలిసిన మూడు ముఖాల్లో ఏదీ కాదు. మొండి, గయ్యాళి, ఎవరితోనో తగువుకి వెళుతున్న మనిషి.

పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చి చూశాడు.

"వీడెవడే?"

"తెలీదు పెదనాన్నా. ఇప్పుడే వచ్చాడు."